కారు వెనక క్యాంపర్ (పడుకోడానికి, వండుకోడానికి వీలున్న ట్రైలర్) తగిలించి అనంతగిరి ఘాట్ ఎక్కే ముందు జాగ్రత్తలు

అరకు దారిలో శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక బండి పక్కకి తీసి సర్దుకునే చోటు దొరకడం కష్టం. ఇవన్నీ విజయనగరంలో, ఇంటి ముందే చూసుకోండి.

బరువు: బ్రేకుల్లేని ట్రైలర్ ఎంత లాగొచ్చో కారు మాన్యువల్‌లో చూడండి. అసలు రాయకపోతే ఆ కారుతో లాగొద్దు. ఖాళీ బరువు కాదు, సామాను నింపిన బరువు లెక్క. 40 లీటర్ల నీళ్లంటేనే 40 కిలోలు.

ముక్కు బరువు: క్యాంపర్ ముందు కొస కారు హుక్కు మీద మోపే బరువు ఇది. 700 కిలోల క్యాంపర్‌కి 70 నుంచి 100 కిలోలు పడాలి, హుక్కు అంత మోయగలదో లేదో కూడా చూసుకోవాలి. తక్కువైతే వెనక తోకలా ఊగుతుంది. ఎక్కువైతే కారు ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. బియ్యం, నీళ్ల డబ్బాలు ఇరుసుకి కాస్త ముందు పెట్టండి.

హుక్కు: కారు హుక్కుకి ఉండే 50 మి.మీ. బాల్‌కి (గుండుకి), దాన్ని పట్టుకునే ట్రైలర్ వైపు కప్లర్ కూడా 50 మి.మీ.దే వాడాలి. ‘టక్’మన్న చప్పుడు నమ్మొద్దు. జాకీతో ట్రైలర్ ముక్కు ఎత్తండి, కారు వెనక భాగం కూడా లేస్తేనే పట్టినట్టు. గొలుసులు కప్లర్ కింద కత్తెరలా వేయండి.

టైర్లు: టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. ఎక్కువ రోజులు ఎండలో నిలబెట్టిన టైరు అరగకుండానే పక్కన పగుళ్లిస్తుంది.

బ్రేకు లైట్లు, ఇండికేటర్లు వెనక ఒకరు నిలబడి చూడాలి. గ్యాస్ సిలిండర్ మూసి, నిలువుగా కట్టాలి.

దిగేటప్పుడు రెండో గేరులోనే రండి. బండి ఊగితే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి.