సంగం కవిత చదివేటప్పుడు ముందు చోటు చూడండి

ప్రాచీన తమిళ సంగం కవితల అనువాదాలు చదువుతుంటే కొందరికి "మనసు సంగతి ఏమీ లేదు, అంతా కొండలూ పొలాలే" అనిపిస్తుంది. అప్పుడు ఎవరు ఎవరితో అంటున్నారో తర్వాత చూసుకోండి. ముందు కవిత ఎక్కడ జరుగుతోందో పట్టుకోండి. ప్రేమ కవితల్లో చోటే మనసు.

కొండ వచ్చిందంటే చాటుమాటు కలయిక. అడవి అయితే ఓపిగ్గా ఎదురుచూడటం, పొలాలైతే భర్త మీద అలక, సముద్రతీరమైతే దిగులు. ఎడబాటుకు మాత్రం పాలై అనే బీడు. దీనికి సొంత నేల లేదు. కొండా అడవీ ఎండకు మాడిపోతే అవే పాలై అవుతాయని ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారం చెబుతుంది. కలుసుకున్న చోటే ఎండిపోయి ఎడబాటు అవుతుందన్నమాట! ఇంత లోతైన ఊహ నాకు మరెక్కడా కనబడలేదు.

చోటు తిన్నగా చెప్పకపోతే పువ్వునో పొద్దునో వెతకండి, ఒక్కో చోటుకూ తనదైన పువ్వూ పొద్దూ ఉంటాయి. కుఱుంతొగై అనే సంగం ప్రేమ కవితల సంకలనంలో, మూడో పద్యంలో ఒకమ్మాయి తన ప్రేమ భూమి కంటే పెద్దది, ఆకాశం కంటే ఎత్తైనది, నీటి కంటే లోతైనది అంటుంది. అతనిది నల్లకాడల కురింజి పూల నుంచి తేనె పట్టే కొండసీమ అని కూడా చెబుతుంది. కురింజి కొండ పువ్వు. అది చాలు, వాళ్లిద్దరూ అప్పటికే కలిశారని తెలిసిపోతుంది.

ఒక్కోసారి కవులు ఒక చోటి పువ్వును మరో చోట పెడతారు. అలాంటి కవిత దగ్గర కాసేపు ఆగండి, అక్కడ రెండు భావాలు కలిసి ఉంటాయి.