పసిబిడ్డకు బదులివ్వడం ఎలా? తొలి మూడేళ్లలో మెదడు ఎదుగుదలకు పెద్దలు చేయవలసినవి

పుట్టిన తొలి సంవత్సరాల్లో బిడ్డ మెదడులో సెకనుకు 10 లక్షలకు పైగా కొత్త నాడీ అనుసంధానాలు ఏర్పడతాయని శాస్త్రజ్ఞుల అంచనా. వాటిలో తరచుగా వాడుకలోకి వచ్చేవి బలపడతాయి, మిగిలినవి క్రమంగా తొలగిపోతాయి. ఏవి నిలవాలో జన్యువులు మాత్రమే తేల్చవు. బిడ్డ ఏడ్చినప్పుడు, నవ్వినప్పుడు, వేలు చూపినప్పుడు ఎదుటివారి నుంచి ఎలాంటి స్పందన వస్తోందన్నది కూడా తేలుస్తుంది. అందుకే ఖరీదైన బొమ్మల కన్నా ముందు పెద్దలు అలవరచుకోవలసింది బదులివ్వడం.

మొదట, బిడ్డ చూపు ఎటు పోతోందో గమనించండి. ఎనిమిది నెలల పాప కిటికీ మీద వాలిన పిట్టను చూసి "ఊ" అందనుకోండి. మీ చేతిలోని బొమ్మను ఆడించి ఆ చూపును మళ్లించకండి. మీరూ అటే చూసి, "పిట్ట వచ్చింది, ఎగిరిపోతోంది" అని చెప్పి, ఆ తర్వాత కొన్ని క్షణాలు ఆగండి. పాప మళ్లీ ఏదో శబ్దం చేస్తుంది, లేదా కాళ్లు ఆడిస్తుంది. అది తన వంతు. ఈ ఆగడమే చాలామందికి కష్టం, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలపై 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, పెద్దలతో వంతులవారీగా ఎక్కువ మాట్లాడే పిల్లలు కథ వింటున్నప్పుడు మెదడులో భాషకు సంబంధించిన బ్రోకా ప్రాంతం మరింత చురుగ్గా పనిచేసినట్టు తేలింది. వారి చెవిన పడిన మొత్తం మాటల సంఖ్యతోనూ, కుటుంబ ఆదాయంతోనూ నిమిత్తం లేకుండానే ఈ తేడా కనిపించింది.

రెండవది, ఏడుపుకు స్పందించడం. తొలి నెలల్లో ఎత్తుకుంటే బిడ్డ చెడిపోతుందన్న భయం అక్కర్లేదు. తనను తాను ఓదార్చుకునే శక్తి ఆ వయసుకు ఉండదు; పెద్దల ఒడిలో పదేపదే శాంతించడం ద్వారానే అది క్రమంగా అలవడుతుంది. ఆదుకునే మనిషి లేకుండా భయం, హింస, నిర్లక్ష్యం దీర్ఘకాలం కొనసాగినప్పుడు మాత్రం కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్ల వ్యవస్థ అదుపు తప్పుతుంది. జ్ఞాపకశక్తికి, భావోద్వేగాల నియంత్రణకు తోడ్పడే మెదడు భాగాలపై ఆ ప్రభావం పడి, తర్వాతి కాలంలో తొందరపాటుగానో, అతి భయంగానో, ఏకాగ్రత లోపంగానో బయటపడవచ్చు.

మూడవది, తెగిన సంభాషణను మళ్లీ కలపడం. 1970లలో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగంలో, అప్పటిదాకా ఆడించిన తల్లి కొద్దిసేపు ఏ భావమూ లేని ముఖంతో కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. తల్లి మళ్లీ పలకరించగానే వెంటనే కాకపోయినా క్రమంగా తేరుకుంటుంది. ఆరోగ్యకరమైన బంధాల్లో కూడా తల్లీబిడ్డల స్పందనలు చాలాసార్లు సరిపోలవని ఆయన పరిశోధనలే చూపాయి. కాబట్టి మీరు విసుక్కున్న తర్వాత దగ్గరకు తీసుకుని, శాంతంగా మాట్లాడి, ఆగిన ఆటను తిరిగి మొదలుపెట్టండి.

వీటితో పాటు నిద్ర, ఐరన్, అయోడిన్ అందే ఆహారం తప్పనిసరి. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండేళ్లు నిండాక కూడా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఆలస్యమైందని అనిపించినా ప్రయత్నం మానకండి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో, అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి సంరక్షక కుటుంబాలకు అప్పగించారు. కుటుంబానికి చేరిన పిల్లలు అనేక విషయాల్లో మెరుగుపడ్డారు. రెండేళ్ల లోపు చేరినవారికి మరింత మేలు జరిగింది. అందువల్ల ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, సైగలు చేయకపోయినా, వచ్చిన మాటలు పోయినా వేచి చూడకుండా పిల్లల వైద్యుని కలిసి, వినికిడి పరీక్ష కూడా చేయించండి. తల్లికి ప్రసవానంతర కుంగుబాటు ఉంటే ఆమె చికిత్సనూ అంతే తొందరగా మొదలుపెట్టించండి.