పిక్క నొప్పికి చైనా వైద్యం: ఏ లక్షణానికి ఏది, ఎక్కడ బెడిసికొడుతుంది

ఒక్క కాలి పిక్కే వాచింది, వేడిగా ఉంది

ముందు తేల్చుకోవాల్సింది సిరలో రక్తం గడ్డ కట్టిందా అన్నది. మోకాలిచిప్ప కింద చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి, అక్కడ రెండు కాళ్ల చుట్టుకొలతా టేపుతో చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటినా, ఈమధ్య ఆపరేషనో కాన్పో సుదీర్ఘ విమాన ప్రయాణమో అయివున్నా అదే రోజు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారడాన్ని చూసే అల్ట్రాసౌండ్) చేయించాలి. తేడా తక్కువుంది కదా అని గడ్డ లేదనుకోవద్దు. స్కాన్ అయ్యేదాకా మర్దన, కప్పింగ్ (చర్మానికి కప్పులు అంటించి పైకి లాగడం), ఆక్యుపంక్చర్ సూదులు ఏవీ వద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే వెంటనే 108.

గడ్డ లేదు, కానీ ఎర్రబారి ముట్టుకోనివ్వదు

చైనా వైద్యం దీన్ని కాళ్లలోకి దిగిన 'తేమ-వేడి' అంటుంది. నాలుక మీద పసుపు రంగు జిగట పూత వాళ్లు చూసే గుర్తు. జ్వరం వచ్చి, ఎరుపు పాకుతూ, గజ్జల్లో బిళ్ళలు కడితే అది చర్మం కింద ఇన్ఫెక్షన్; బోదకాలు ఉన్నవాళ్లకు తరచూ వచ్చేదీ ఇదే. దానికి యాంటీబయాటిక్ తప్పదు, కషాయం దాని స్థానంలోకి రాదు.

ఇన్ఫెక్షన్ లేదని తేలాక ఇచ్చేది 'సి మియావ్' చూర్ణం. అందులో నాలుగు చైనా మూలికలు: హువాంగ్‌బాయ్, చాంగ్‌జూ, నియుషీ, యీయీరెన్. నియుషీ మన ఉత్తరేణికి బంధువే, కానీ అదే మొక్క కాదు, బదులు వాడొద్దు. గర్భిణులకు నియుషీ పనికిరాదు. ఎక్కువమంది చేసే పొరపాటు వేడి కాపడం, మోక్సా (మాచిపత్రి జాతి ఆకుల కడ్డీని వెలిగించి చర్మం దగ్గర వేడి పట్టడం) పెట్టడం. ఉన్న వేడికి ఇంకా వేడి తోడై వాపు పెరుగుతుంది. ఎర్రబారిన చర్మంలో సూది దించకూడదు.

వాపుకని 'ఫాంగ్‌జీ' అనే వేరు రాస్తే ఏ ఫాంగ్‌జీ అని అడగండి; ఆ పేరుతో రెండు వేర్వేరు మొక్కలున్నాయి. హాన్ ఫాంగ్‌జీ బదులు గ్వాంగ్ ఫాంగ్‌జీ వస్తే అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందుల్లో ఇలాగే ఒకదాని బదులు ఇంకొకటి పడి చాలామంది కిడ్నీలు చెడ్డాయి.

ఎరుపు లేదు; రాత్రిపూట పిక్క రాయిలా పట్టేస్తోంది

పట్టేసినప్పుడు మోకాలు చాపి, కాలివేళ్లను మీవైపు లాగండి. చెంగ్‌షాన్ (చైనా వైద్యంలో పిక్క మీద నొక్కే చోటు) బిందువు కోసం ముందే ఒకసారి మునివేళ్ల మీద నిలబడి చూసుకోండి. పిక్క కండ రెండు పాయలుగా ఉబ్బి, వాటి దిగువన చిన్న గుంట పడుతుంది. అక్కడ బొటనవేలితో ఒకటి రెండు నిమిషాలు నిలకడగా నొక్కాలి, రుద్దకూడదు. ఈ రకానికి మోక్సా పనికొస్తుంది. కడ్డీని చర్మానికి 2-3 సెంటీమీటర్ల ఎత్తున ఉంచి, చర్మం గులాబీ రంగు తిరగ్గానే తీసేయాలి. షుగరుతో కాళ్లు మొద్దుబారినవాళ్లకు మాత్రం వద్దు, కాలినా తెలియదు.

లోపలికి షావోయావ్-గాన్‌చావ్ కషాయం: తెల్ల పియొనీ వేరు, వేయించిన అతిమధురం సమపాళ్లు. జపాన్‌లో రోజుకు ఒక్కోటి 6 గ్రాములు వాడతారు. నీళ్లు సగానికి దిగేదాకా మరిగించి, వడకట్టి, పూటలుగా పంచుకు తాగాలి.

కషాయం మొదలుపెట్టాక నీరసం, కాళ్ల వాపు, బీపీ

కారణం అతిమధురమే. ఒంట్లో ఉప్పునీరు నిలబెట్టి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. పొటాషియం తగ్గితే కండరాలు మళ్లీ పట్టేస్తాయి. అది చూసి మోతాదు పెంచితే ఇంకా ముదురుతుంది. కషాయం ఆపి పొటాషియం పరీక్ష చేయించండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికే వెళ్లకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లకు దాంగ్‌గుయ్, దాన్‌షెన్ అనే చైనా మూలికలు ఉన్న మందులతో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుతుంది

పొగతాగేవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది తరచూ ధమని ఇరుకు. సూదులతో తెరుచుకోదు, రక్తనాళాల డాక్టరు చేత చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూపించుకోండి.