మాటల మూలాలు – 6వ పాఠం: ఉపేక్ష

కిందటి పాఠంలో గుణసంధి నేర్చుకున్నాం. అకారం తర్వాత ఇ గానీ ఈ గానీ వస్తే రెండూ కలిసి ఏ అవుతాయి. ఆ ఒక్క సూత్రంతో ఇవాళ 'ఉపేక్ష'ను విడదీద్దాం. 'తప్పు చేస్తే ఎవరినీ ఉపేక్షించేది లేదు' అని పేపర్లో తరచూ చదివే మాటే.

మెల్లగా పైకి పలికి, 'పే' దగ్గర ఆగండి. అతుకు అక్కడుంది: ఉప + ఈక్ష. ఈక్ష్ అనే సంస్కృత ధాతువుకు చూడడం అని అర్థం. ఉప అంటే దగ్గర. ఉపనయనంలో ఉన్నదీ ఇదే. అంటే ఈ మాట లోపల చూపు ఉంది. దగ్గరే ఉండి, అంతా చూస్తూ, కలగజేసుకోకుండా ఊరుకోవడం. ఇళ్లలో 'చూసీ చూడనట్టు వదిలేశాడు' అంటామే, అది.

దీన్ని నిర్లక్ష్యంతో కలిపేయకండి. నిర్లక్ష్యంలో మనసు అటు పోనే లేదు. ఉపేక్షలో అన్నీ తెలుసు, అయినా కదల్లేదు. అందుకే నాకు ఇదే బరువైన మాట అనిపిస్తుంది.

పతంజలి యోగసూత్రాల్లో మాత్రం ఉపేక్ష ఒక సాధన. సుఖంలో ఉన్నవాళ్లతో మైత్రి, బాధలో ఉన్నవాళ్లపై కరుణ, పుణ్యం చూస్తే సంతోషం, పాపం చూస్తే ఉపేక్ష. మనసు కలత పడకుండా ఉండాలనుకునేవాడికి అది సరే. మరి ఆపగల శక్తి ఉన్నవాడికి?

దానికి జవాబు తిక్కన ఉద్యోగపర్వంలో ఉంది. కౌరవసభలో కృష్ణుడు అంటాడు: ధర్మం పాపం చేత, సత్యం బొంకు చేత చెడిపోతుంటే 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు'. సంస్కృత మూలంలో ఇక్కడ 'ప్రేక్షమాణానాం' అని ఉంది, చూస్తూ ఉండగా అని. ధాతువు మళ్లీ ఈక్ష్ ! చెడేది సభాసదులని శ్లోకం అంటే, తిక్కన 'దక్షులు' అన్నాడు. చేతనైనవాళ్లు. ఆ సభలో భీష్ముడూ ద్రోణుడూ కూర్చునే ఉన్నారు.

అభ్యాసం: అపేక్ష, ప్రేక్షకుడు, పరీక్ష, వీక్షణం. నాలుగింటిలోనూ ఈక్ష్ ఉంది. రెండు గుణసంధులు, రెండు సవర్ణదీర్ఘాలు (ఇ, ఈ కలిసి ఈ అవడం). ముందు అతుకు ఎక్కడుందో పలికి పట్టుకుని, తర్వాత విడదీసి రాయండి. జవాబులు 7వ పాఠంలో.