అప్పుల పేజీ తెరిచి ప్రార్థన చేయండి

2021లో నల్ల తామరపురుగు గుంటూరు వైపు మిరపను ఊడ్చేసిన ఏడాది, మా ఆయన కౌలుకు వేసిన తోట కూడా పోయింది. 4 లక్షల 20 వేల అప్పు మిగిలింది.

ముందు అప్పును దేవుడి దగ్గర దాచకండి. నేను పిల్లల పాత నోటుబుక్కులో ఎవరికెంత, వడ్డీ ఎంత అని రాసి, ఆ పేజీ ముందు పెట్టుకుని మోకరించాను. నూటికి 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం! రాశాకే కంటికి ఆనింది. ముందు అదే తీర్చాలనుకున్నాం.

బైబిల్లో రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. అప్పులవాడు కొడుకులిద్దర్నీ పట్టుకుపోతాడని ఏడ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త అడిగింది, నీ ఇంట్లో ఏముందని. ఆమె దగ్గరున్న కొద్ది నూనె అద్భుతంగా పెరిగాక కూడా, దాన్ని అమ్మి అప్పు తీర్చమనే చెప్పాడు. మా ఇంట్లో ఏముంది? మూలన గోనెపట్టా కప్పిన కుట్టుమిషను. ఆ సాయంత్రమే దాని చక్రానికి నాలుగు చుక్కల నూనె వేశాను. కిర్రుమంటూ తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

పాత అప్పు కోసం మళ్లీ వడ్డీకి తేకండి. కానుక వేస్తే అప్పు తీరుతుందనేవాళ్ల మాట అస్సలు నమ్మకండి. అప్పిచ్చినవాళ్లకు మొహం చాటేయకుండా, ఈ నెల ఎంత ఇవ్వగలరో మీరే వెళ్లి చెప్పండి. లోన్లు వసూలు చేసే ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, భయపడకండి.

నిద్ర పట్టని రాత్రి ఇంట్లోవాళ్లను లేపి కలిసి ప్రార్థించండి. ఒంటరిగా మోయకండి, తల్లీ.

తీరిన ప్రతి పేరూ ఎర్ర పెన్నుతో కొట్టేసి స్తోత్రం చెప్పుకుంటాం. ఇంకా రెండు పేర్లున్నాయి.