‘దారిలో ఉంది’ అంటున్న సరుకు నిజంగా ఎక్కడుంది? సహాయ సామగ్రి లెక్కల్లో వచ్చే తేడాలు, కారణాలు, పరిష్కారాలు

విపత్తు వచ్చిన తొలి వారాల్లో సహాయ గోదాముకు ఎన్ని ఫోన్లు వచ్చినా చాలావరకు అడిగేది ఒకటే: మా సరుకు ఎక్కడుంది? కంప్యూటర్ ఒక మాట చెబుతుంది, గోదాములో సరుకు పేర్పుకు వేలాడే స్టాక్ కార్డు ఇంకో మాట చెబుతుంది, డ్రైవరు మూడో మాట చెబుతాడు. ఇల్లు కూలిపోయి పసిపిల్లలతో ఆరుబయట పడుకున్న కుటుంబానికి ఈ మూడు మాటలతోనూ పని లేదు. వాళ్లకు రాత్రిలోగా టార్పాలిన్ కావాలి. లెక్కలో వచ్చిన ప్రతి తేడా వెనుకా అలాంటి కుటుంబం ఒకటి ఎదురు చూస్తోందని గుర్తుంచుకునే ఇది రాస్తున్నాను.

ముందుగా వెతికే పద్ధతి చెబుతాను, ఎందుకంటే కింద చెప్పే అన్ని సమస్యలకూ ఇదే మొదటి అడుగు. సరుకు లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ చేతులు మారే చోటే: గోదాము నుంచి లారీకి, లారీ నుంచి విమానాశ్రయానికి, అక్కడి నుంచి మరో లారీకి. కాబట్టి తెర మీద కనిపించే స్థితిని పక్కన పెట్టి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే అంకెకు సంతకం చేసిన చివరి కాగితం ఏదో పట్టుకోండి. అక్కడిదాకా సరుకు క్షేమం. వెతకాల్సింది ఆ తర్వాతి మజిలీలోనే.

రోజులు గడుస్తున్నా ‘దారిలో ఉంది’ అనే చూపిస్తోంది

చాలాసార్లు సరుకు చేరిపోయే ఉంటుంది. వేబిల్లు (సరుకుతోపాటు వెళ్లే రవాణా చీటీ) ప్రతుల్లో ఒకటి పంపినవారి దగ్గర, ఒకటి రవాణాదారు దగ్గర, ఒకటి అందుకున్నవారి దగ్గర ఉంటాయి. అందినట్లు సంతకమైన ప్రతి వెనక్కి వచ్చి, ఎవరో ఒకరు నమోదు చేస్తేనే తెర మీద స్థితి మారుతుంది. ఆ కాగితం డ్రైవరు సీటు కిందే ఉండిపోతే సరుకు కూడా ఎప్పటికీ దారిలోనే ఉన్నట్లు కనిపిస్తుంది.

అందుకున్న గోదాముకు ఫోను చేసినప్పుడు “సరుకు వచ్చిందా?” అని అడగకండి. “వచ్చింది” అంటారు, అది నిన్నటి వేరే లారీ గురించి కావచ్చు. “ఫలానా నంబరు వేబిల్లు మీద మీ సంతకం ఉందా? ఎన్నింటికి చేశారు?” అని అడగండి. ఉంటే ఫోటో తీసి పంపమనండి, దాన్ని బట్టి నమోదు చేయండి, అసలు కాగితాన్ని తర్వాత తెప్పించుకోండి.

రెండో కారణం హబ్‌లో, అంటే సరుకు చేరి మళ్లీ వేరే వాహనాలెక్కే కేంద్రంలో, సరుకు విడిపోవడం. ఒక విమానంలో వచ్చిన సరుకును అయిదు లారీల్లోకి ఎక్కిస్తారు, అయిదు కొత్త వేబిల్లులు పుడతాయి, వాటి మీద పాత నంబరు ఎవరూ రాయరు. అయిదు లారీలూ చేరి, సరుకు పంపిణీ కూడా అయిపోయినా మొదటి నంబరు మాత్రం తెర మీద దారిలోనే నిలిచిపోతుంది. ప్రతి కొత్త వేబిల్లు మీదా మూల కన్‌సైన్‌మెంట్ (ఒకేసారి పంపిన సరుకు మొత్తం) నంబరు రాయడం తప్పనిసరి చేయండి. ఇప్పటికే తెగిపోయిన ముడిని కలపాలంటే, ఆ హబ్ నుంచి ఆ తేదీల్లో బయలుదేరిన వేబిల్లులన్నీ ముందేసుకుని, కొత్తవాటి మొత్తం పాత అంకెకు సరిపోయేదాకా జోడించి చూడాలి. విసుగు పుట్టే పనే. దగ్గరి దారి మాత్రం లేదు.

మూడో కారణం కొత్తవారికి తట్టదు. సరుకు నిజంగానే ఆగి ఉంటుంది, ఆపింది మీరే అయి ఉంటారు. ప్రపంచ ఆహార కార్యక్రమం నేతృత్వంలో నడిచే లాజిస్టిక్స్ క్లస్టర్ వంటి ఉమ్మడి సేవ మీ సరుకును నిల్వ చేస్తుంది, రవాణా చేస్తుంది. కానీ సరుకు యాజమాన్యం మీ సంస్థదే. నిల్వలో ఉన్నదాన్ని విడుదల చేయమని యజమాని రాతపూర్వకంగా కోరాలి. ఆ కాగితం ఇవ్వకుండా ‘పంపుతారులే’ అని కూర్చుంటే, ‘అడుగుతారులే’ అని అవతలివారు కూర్చుంటారు. సరుకు హబ్‌లో రోజుల తరబడి కదలకపోతే ముందు మీ ఫైల్లో విడుదల అభ్యర్థన ఉందో లేదో చూసుకోండి.

240 పెట్టెలు పంపారు, 224 అందాయి

ఇక్కడ కాస్త ఆగుతాను. ఇలాంటి తేడా వస్తే అందరి చూపూ డ్రైవరు మీదికే పోతుంది.

నేను పనిచేసిన ఒక గోదాములో సరిగ్గా ఈ అంకెలతోనే గొడవ జరిగింది. పంపిన చోట 240 అని రాశారు. దించుకున్న చోట 224 ఉన్నాయి. పదహారు పెట్టెలు దారిలో అమ్ముకున్నాడని డ్రైవరును రెండు రోజులు కదలనివ్వలేదు. అతను ఆ రెండు రోజులూ లారీ మెట్టు మీద కూర్చుని, అడిగినవారికల్లా “ఎక్కించినవన్నీ దించాను” అనే ఒక్క మాటే చెప్పాడు. చివరికి పంపిన గోదాములో అదే రకం పేర్పు ఇంకొకటి మిగిలి ఉంటే, పైన కప్పిన టార్పాలిన్ తీసి చూశాం. ఒక పక్క ఆరు పెట్టెలు, ఇంకో పక్క అయిదు, ఎత్తు ఎనిమిది వరసలు. ఆరు అయిదులు ముప్పై, ముప్పై ఎనిమిదులు 240. ఎవరు లెక్కపెట్టినా బయటి నుంచి ఇలాగే గుణించారు. కానీ గాలి ఆడటానికని హమాలీలు ప్రతి వరసలోనూ నడుమ రెండు పెట్టెల చోటు ఖాళీగా వదిలారు. పైనుంచి కిందిదాకా బావిలా గొయ్యి. వరసకు 28, మొత్తం 224. పోయిన పదహారు పెట్టెలు అసలు ఎప్పుడూ లేవు.

కాబట్టి తేడా రాగానే అనుమానించాల్సింది లెక్కపెట్టిన తీరును. పేర్పును గుణించి రాశారా, లారీ తలుపు దగ్గర ఒక్కొక్కటిగా ఎక్కిస్తూ లెక్కపెట్టారా అని అడగండి. ఎక్కించేటప్పుడు ఇచ్చేవారి తరఫున ఒకరు, డ్రైవరు తరఫున ఒకరు విడివిడిగా గీతలు గీసుకోవాలి. ప్రతి పదికీ ఇద్దరూ అంకె చెప్పుకోవాలి. తేడా వస్తే ఆ పదిలోనే తేలిపోతుంది. లారీ తలుపుకు సీలు వేసి, సీలు నంబరు వేబిల్లు మీద రాయాలి. దించేచోట సీలు చెక్కుచెదరకుండా అదే నంబరుతో ఉందంటే తప్పు ఎక్కించిన చోటే జరిగిందన్నమాట. ఆ ఒక్క అంకె డ్రైవరు మానాన్ని కాపాడుతుంది.

తక్కువ అందినప్పుడు వేబిల్లు మీద 240 కొట్టేసి 224 అని దిద్దకండి. పంపినది 240, అందినది 224, పాడైనవి ఎన్ని, లోటు ఎంత అని విడివిడిగా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. దిద్దిన అంకెతో విచారణ అక్కడే ఆగిపోతుంది.

అంకెలు రెట్టింపో అయిదు రెట్లో తేడాగా ఉన్నాయి

ఇది దాదాపు ఖాయంగా కొలమానం తేడా. రెడ్‌క్రాస్ ప్రమాణాల ప్రకారం వచ్చే 4 × 6 మీటర్ల టార్పాలిన్లు బేలుకు (కట్టకు) అయిదు చొప్పున ఉంటాయి. పంపినవారు 100 బేళ్లు రాస్తే అందుకున్నవారు 500 టార్పాలిన్లు రాస్తారు. ఇద్దరిదీ సరైనదే, తెర మీద మాత్రం 400 అదనంగా కనిపిస్తాయి. దుప్పట్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బేలులో ఎన్ని ఉంటాయన్నది సరఫరాదారును బట్టి మారుతుంది. ప్యాకింగ్ లిస్టు చూడకుండా పాత అలవాటుతో గుణించకండి.

కిట్లతో వచ్చే చిక్కు ఇంతకన్నా ప్రమాదకరమైనది. ఉదాహరణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం వచ్చే పూర్తి అత్యవసర వైద్య కిట్ అంటే 10,000 మందికి మూడు నెలలు సరిపోయేలా కూర్చిన సామగ్రి. పుస్తకంలో అది ‘1’, నేల మీద అనేక పెట్టెలు. వాటిలో ఒక పెట్టె వేరే లారీ ఎక్కిపోయినా పుస్తకంలో ‘1’ అలాగే ఉంటుంది. అవతల డాక్టరు తెరిచి చూసేసరికి సెలైన్ ఉంటుంది, ఎక్కించే సూదులు ఉండవు. కిట్‌ను ఎప్పుడూ రెండు అంకెలతో రాయండి: ఎన్ని కిట్లు, ఎన్ని పెట్టెలు. ప్రతి పెట్టె మీదా ‘ఇన్నింటిలో ఇన్నోది’ అన్న గుర్తు ఉందో లేదో లోపలికి తీసుకునేటప్పుడే చూడండి. తప్పిపోయినది దొరికేదాకా కిట్‌ను ‘అసంపూర్ణం’ అని విడిగా పెట్టండి. సర్దుకుందామని మరో కిట్‌లోంచి తీసి నింపితే ఒక అసంపూర్ణ కిట్ రెండవుతుంది.

నంబరు కొడితే ‘దొరకలేదు’ అంటోంది

సరుకు పోయిందని కంగారు పడేముందు నంబరునే పరీక్షించండి. విమాన సరుకుకు ఎయిర్ వేబిల్లు నంబరులో 11 అంకెలు ఉంటాయి: మొదటి మూడు విమానసంస్థవి, మిగతా ఎనిమిది వరుస సంఖ్య. ఆ ఎనిమిదిలో మొదటి ఏడింటిని 7తో భాగిస్తే వచ్చే శేషమే ఎనిమిదో అంకె. ఉదాహరణకు 1234567ను 7తో భాగిస్తే శేషం 5. కాబట్టి 12345675 సరైనది. ఎవరైనా 3, 4 తారుమారు చేసి 12435675 అని కొడితే శేషం 3 వస్తుంది, చివర ఉన్న 5తో కుదరదు. ఫోను క్యాలిక్యులేటర్ చాలు. చేతిరాతలో 1ని 7గా చదివిన తప్పును ఈ లెక్క పట్టేస్తుంది. 1ని 8గానో, 2ని 9గానో రాస్తే మాత్రం పట్టదు, వాటి మధ్య తేడా సరిగ్గా ఏడే కదా.

కంటైనర్ మీదైతే నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, ఆపైన గడి గీసి రాసే ఒక తనిఖీ అంకె ఉంటాయి. ఆ చివరి అంకెను వదిలేసి రాసుకోవడం అందరూ చేసే పొరపాటు. గుర్తొచ్చినంత రాయకుండా తలుపు ఫోటో తీసుకోండి.

మొత్తం ‘అందింది’ అని ఉంది, గోదాములో సగమే ఉంది

విమానంలో చోటు బరువు చూసి ఖాయం చేసుకుని ఉంటారు. దుప్పట్లు, దోమతెరల వంటివి తేలిక, చోటు మాత్రం ఎక్కువ తింటాయి. విమాన రవాణాలో ఒక ఘనమీటరును సాధారణంగా 167 కిలోలుగా లెక్కిస్తారు. అసలు బరువు అంతకన్నా తక్కువైతే విమానం నిండిపోయేది చోటుతోనే. మిగిలినది తర్వాతి విమానానికి ఆగుతుంది. ఇక్కడ మాత్రం మొదటి వాయి రాగానే కన్‌సైన్‌మెంట్ మొత్తాన్ని ఒక్క నొక్కుతో ‘అందింది’ చేసేస్తారు. లెక్కపెట్టినంతే అందినట్లు నమోదు చేసి, మిగతాది తెరిచి ఉంచాలి. బుకింగ్ అడిగేటప్పుడే బరువుతోపాటు ఘనపరిమాణం కూడా ఇవ్వాలి.

పుస్తకంలో ఉంది, అరలో లేదు

ముందు పక్క అరలు చూడండి. చోటు మార్చి కార్డు మార్చకపోవడమే చాలాసార్లు అసలు కారణం. పేర్పుకు వేలాడే స్టాక్ కార్డు మీద, సరుకు కదిలిన క్షణంలోనే, అక్కడే నిలబడి రాయాలి. సాయంత్రం గుర్తు చేసుకుని రాద్దామంటే ఏదో ఒకటి జారిపోతుంది.

అక్కడా లేకపోతే అప్పులు వెతకండి. అర్ధరాత్రి పక్క సంస్థవారు వచ్చి “రేపు తిరిగిస్తాం” అని 50 బకెట్లు పట్టుకెళ్లి ఉంటారు. ఇవ్వడం మంచి పనే, ఆపమని అనను. అప్పుకు కూడా వేబిల్లు రాయండి.

మళ్లీ లెక్కపెట్టించేటప్పుడు పుస్తకంలోని అంకె లెక్కపెట్టేవారికి చూపించకండి. చూపిస్తే కళ్లు ఆ అంకె దగ్గరే ఆగిపోతాయి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి చీటీల మీద రాసివ్వాలి. రెండు చీటీలూ కలిస్తేనే సవరణ చేయాలి, అదీ కారణం రాసి, బాధ్యుడి సంతకంతో.

ఒకే లారీ రెండుసార్లు వచ్చినట్లు ఉంది

నెట్ లేనప్పుడు గేటు దగ్గర ట్యాబ్‌లో నమోదైంది. రాత్రి కాగితాలు చూసి ఆపరేటర్ మళ్లీ నమోదు చేశాడు. నెట్ రాగానే రెండూ కలిశాయి. ఒకే వేబిల్లు నంబరును వ్యవస్థ రెండోసారి అంగీకరించకుండా అమర్చుకోవాలి. అది వీలుకాకపోతే, నమోదు చేసినవారు కాగితం మూలన సున్నా చుట్టి తేదీ వేయాలి. పంపిన సమయం కన్నా అందిన సమయం ముందున్నట్లు కనిపిస్తే ఆ పరికరం గడియారం చూడండి.

తేదీ గురించి ఇంకో మాట. 05/04 అంటే ఒకచోట ఏప్రిల్ 5, ఇంకోచోట మే 4. మందుల గడువు విషయంలో ఇది చిన్న తేడా కాదు. నెలను అక్షరాల్లో రాయించండి. గడువు ముందు తీరేది ముందు బయటికి పంపాలన్న నియమం నడవాలంటే ఆ తేదీ నిజమై ఉండాలి.

ఎవరిదో తెలియని సరుకు హబ్‌ను నింపేసింది

2010 జనవరి భూకంపం తర్వాత హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో రేవు దెబ్బతింది, ఒకే రన్‌వే ఉన్న విమానాశ్రయం మీద భారమంతా పడింది. అలాంటి ఇరుకులో పేరు, జాబితా లేకుండా వచ్చిన ప్రతి ప్యాలెట్టూ (పీట మీద పేర్చి కట్టిన సరుకు) పేరున్న ప్యాలెట్‌కు అడ్డమే. మనసుతో పంపిన దానం అయినా సరే. రన్‌వే పక్కనే విప్పి ఏరడం మొదలుపెట్టకండి. ముందు తాత్కాలిక నంబరు ఇచ్చి, ఫోటో తీసి, అక్కడి నుంచి కదిలించి వేరే చోట విప్పండి. ఆహారానికి ఎరుపు, దుస్తులకూ ఇంటి సామానుకూ నీలం, వైద్య సామగ్రికి ఆకుపచ్చ అన్న లేబుల్ రంగులు సహాయ రంగంలో చాలాకాలంగా ఉన్నవే. వాటితో విడదీసి, అప్పుడు తక్షణం అవసరమైనది, ఆగగలిగేది, పనికిరానిది అని మూడు గుట్టలు చేయండి. మందులైతే ఫార్మసిస్టు చూడకుండా ఏ గుట్టలోనూ వేయకూడదు.

టీకాల పెట్టె చేరింది, దారిలో వేడెక్కిందో లేదో తెలియదు

చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. పెట్టెను తాకి చల్లగా ఉందని సంతకం చేయకండి. గడ్డకట్టినా కొన్ని టీకాలు పాడవుతాయి, అప్పుడు కూడా పెట్టె చల్లగానే ఉంటుంది. లోపలి ఉష్ణోగ్రత నమోదు పరికరాన్ని తీసి చదవండి, సీసా మీద వేడికి రంగు మారే గుర్తులో లోపలి చదరం బయటి వలయం కన్నా లేత రంగులో ఉందో చూడండి. లోపలి చదరం రంగు బయటి వలయంతో సమానమైతే ఆ సీసా వాడకూడదు. ఆ గుర్తు వేడిని మాత్రమే చూపుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. సందేహం ఉంటే పెట్టెను చల్లటి గదిలోనే, ‘వాడవద్దు’ అని రాసి విడిగా ఉంచి, టీకాల బాధ్యుడికి ఆ రాత్రే ఫోను చేయండి.