బైక్ వెనక భాగం ఎత్తు ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

అనంతపురం, కడప పల్లెల్లో బైక్ ఒక్క మనిషి కోసమే ఉండదు. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం శెనక్కాయల మూట, సాయంత్రం భార్యాపిల్లలు. ఇంత బరువు మారుతున్నా, వెనక స్ప్రింగు మాత్రం బండి కొన్న రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవడం, నడుము పట్టేయడం, రాత్రిపూట హెడ్‌లైట్ ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టడం చాలాసార్లు ఇందువల్లే. టూల్ కిట్‌లో ఇచ్చే కొక్కెం లాంటి సి స్పానర్, ఒక కొలత టేపు, సాయానికి ఒక మనిషి ఉంటే సరిచేసుకోవచ్చు.

ముందు టైర్లలో గాలి చూడండి. మన ఎండలకు మధ్యాహ్నం రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున, బండి నడపకముందే చూడాలి. గాలి తక్కువున్నా వెనక భాగం దిగినట్టే అనిపిస్తుంది.

కొలత

ఈ మెట్టు దాటేసి నేరుగా స్పానర్ పట్టుకుంటారు చాలామంది. అలా చేస్తే ఎంత మార్చాలో తెలియదు. కడప బండలు పరిచిన వాకిలి ఉంటే మంచిది, నేల సమంగా ఉంటుంది. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని గాలిలో వేలాడనివ్వండి. యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు నుంచి నిటారుగా పైకి, సీటు పక్కన ఒక గుర్తు పెట్టుకుని దూరం కొలవండి. 540 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు స్టాండ్ తీసి, మామూలుగా ఎక్కే మనుషులు, బరువుతో బండి మీద కూర్చోండి. ఒకసారి కిందికి నొక్కి వదిలి, సాయానికి వచ్చినవాళ్ళతో మళ్ళీ కొలిపించండి. 513 వస్తే 27 దిగినట్టు.

వెనక చక్రం మొత్తం కదిలే దూరంలో మూడో వంతు లోపు దిగితే బాగున్నట్టు లెక్క. ఆ దూరం 90 అయితే 27 సరైన కొలత. 45 దిగిందంటే సగం ఖర్చయిపోయింది, గుంతలో పడితే దెబ్బ నేరుగా మీ వెన్నుకే.

సెంటర్ స్టాండ్ లేని బండి అయితే ఇద్దరు పట్టుకుని చక్రం నేల వదిలేదాకా వెనక భాగాన్ని ఎత్తాలి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) కింద పెట్టే ప్యాడాక్ స్టాండ్ ఈ కొలతకు పనికిరాదు, బరువు స్ప్రింగు మీదే ఉండిపోతుంది.

తిప్పడం

సైలెన్సర్ చల్లారాక మొదలుపెట్టండి. షాక్ అబ్జార్బర్ మీద మెట్లుమెట్లుగా కోసిన రింగు ఉంటుంది. చాలా 100–125 సీసీ బైకులకు 5 మెట్లుంటాయి. బ్రష్‌తో మట్టి తుడిచి, బండి సెంటర్ స్టాండ్ మీద ఉండగానే కొక్కెం తగిలించి ఒక్క మెట్టు తిప్పండి. స్ప్రింగు నొక్కుకుంటుంటే ఎత్తు పెరుగుతున్నట్టు, వదులవుతుంటే తగ్గుతున్నట్టు. సుత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి కొడితే రింగు పళ్ళు ఊడతాయి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి, ఇందులో రాజీ పడొద్దు. తర్వాత మళ్ళీ కొలవండి.

దీంతో స్ప్రింగు గట్టిపడదు. అదే బరువుకు బండి కాస్త పైన నిలబడుతుంది, అంతే. అందుకే చివరి మెట్టులో కూడా అడుగంటుతుంటే బరువు ఎక్కువైనట్టు, లేదా స్ప్రింగు అరిగినట్టు. మార్చాల్సి వస్తే జతగా మార్చండి. రాడ్డు మీద ఆయిల్ కారినా, సీటు నొక్కి వదిలితే బండి ఊగుతూనే ఉన్నా, ఊపును ఆపే డంపర్ పోయింది, ఎన్ని మెట్లు తిప్పినా లాభం లేదు.

వెనక ఒకే షాక్ అబ్జార్బర్ ఉండే మోనోషాక్ బండ్లలో కొన్నింటికి మెట్లకు బదులు రెండు రింగులుంటాయి. ముందు లాక్ రింగు వదులు చేసి, రెండోది తిప్పి, మళ్ళీ బిగించాలి. గ్యాస్ నింపిన డబ్బాను మాత్రం ఇంట్లో విప్పొద్దు.

ఆ తర్వాత చూడాల్సినవి

వెనక ఎత్తు పెరిగితే హెడ్‌లైట్ వెలుగు కిందికి వాలుతుంది, తగ్గితే పైకి లేస్తుంది. గోడ మీద వేసి సరిచేసుకోండి. బండి బాగా కిందికి దిగితే సైడ్ స్టాండ్ మీద నిటారుగా నిలబడుతుంది, కొంచెం తగిలినా పడిపోవచ్చు. చైన్ లూజు మాన్యువల్‌లో చెప్పినంత ఉందా చూడండి. ఇద్దరు కూర్చుంటే చైన్ మరింత బిగుసుకుంటుంది.

గువ్వలచెరువు ఘాట్ లాంటి దారిలో లగేజీతో పోయేటప్పుడు ఎత్తు విషయం బాగా తెలుస్తుంది. వెనక బాగా దిగిపోతే ముందు చక్రం తేలికై, మలుపులో బండి బయటికి పోతుంటుంది. అలాంటి ప్రయాణానికి ముందు ఒకటి రెండు మెట్లు పెంచండి. తిరిగొచ్చి ఒక్కరే నడిపేటప్పుడు తగ్గించడం మరవొద్దు, లేకపోతే ప్రతి గతుకుకూ సీటు ఎగరేస్తుంది.

స్టైల్ కోసం షాక్ అబ్జార్బర్ చివర బిగించే ఎత్తు ముక్కలు మాత్రం వద్దు. చైన్ స్వింగ్ ఆర్మ్‌కు రాసుకుంటుంది, సెంటర్ స్టాండ్ వేసినా చక్రం నేల వదలదు, బోల్టు మీద పడే ఒత్తిడి కూడా పెరుగుతుంది.